మా అమ్మ ‘గావాల’, జర్మన్ల ‘వోల్’

నర్సింగ్ చదివినవాళ్లకి జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం కావాలంటే మామూలుగా బీ2 అనే మెట్టు దాకా జర్మన్ రావాలి. నేనింకా దాని కింది మెట్టు బీ1లోనే ఈదుతున్నాను. విజయనగరం గంటస్తంభం వెనక సందులో మా ఇల్లు. రాత్రి ఎనిమిదింటికి డాబా మీద ఆన్‌లైన్ క్లాసు.

పరీక్షలో ఎదుటి మనిషితో మాట్లాడుతూ మన అభిప్రాయం చెప్పాలి. ‘మైనర్ మైనుంగ్ నాఖ్’, అంటే నా అభిప్రాయం ప్రకారం, అన్నదొకటి బట్టీ పట్టి ప్రతి వాక్యానికీ తగిలించాను. మేడం నవ్వేసింది. “చారులో ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా ఉపన్యాసమా?” పైగా దాని వెంటనే క్రియ, అంటే ‘ఇస్ట్’, రావాలి; ‘ఇస్ట్ దాస్’ అనాలి. నేనేమో ‘దాస్ ఇస్ట్’ అంటున్నాను.

మామూలు మాటల్లో ‘ఇష్ ఫిండె’ చాలట. ఫిండెన్ అంటే కనుక్కోవడం, కానీ ఇక్కడ ‘నాకనిపిస్తోంది’ అని. వెనక ‘దస్’ (మన ‘అని’) చేరిస్తే క్రియ చివరికి పోతుంది: ఇష్ ఫిండె, దస్ దేర్ ఫిల్మ్ గూట్ ఇస్ట్, అంటే సినిమా బాగుందని నాకనిపిస్తోంది. ఇంగ్లీషులోంచి తెచ్చుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు. మనకి పుట్టినప్పట్నుంచీ క్రియ చివరే కదా!

అసలు తిప్పలు చిన్న ముక్కలతో. ‘ఎర్ ఇస్ట్ క్రాంక్’ అంటే అతనికి ఒంట్లో బాలేదని. మరి ‘ఎర్ ఇస్ట్ వోల్ క్రాంక్’లో ఆ ‘వోల్’ ఏమిటో వారం రోజులు బుర్రకెక్కలేదు. పాలబ్బాయి రాలేదని అమ్మ “ఆడికి జొరం గావాల” అంది, అంటే జ్వరం కాబోలు అని. అదే వోల్! ఇంక పుస్తకం మూసి అమ్మ మాటలు వినడం మొదలెట్టాను. ‘దాస్ ఇస్ట్ హాల్ట్ జో’ అంటే “అంతే మరి”. “రావా?” అంటే “ఎందుకు రానూ!” అంటాం చూడండి, దానికి వాళ్లకి ఒక్క ముక్క చాలు: ‘డోఖ్!’

“ఆనపకాయ కూర ఎలగుందే అమ్మీ?”

“గేట్ జో.”

“ఏటన్నావు?”

“పర్వాలేదన్నానమ్మా.”

“పర్వాలేదంటే బాగులేదనే కదేటి!”

గేట్ జోకి సరిగ్గా అదే అర్థం. మేడం కూడా ఇంత బాగా చెప్పలేదు.

నిన్న డాబా మీద ‘దాస్ ఇస్ట్ నిష్ట్ మైన్ బియర్’ అని గట్టిగా వల్లిస్తున్నాను. ‘ఇది నా బీరు కాదు’ అన్న మాట, అర్థం మాత్రం ‘ఆ గొడవ నాకెందుకు’ అని. పిట్టగోడ అవతల్నుంచి పక్కింటి పిన్ని అమ్మని కేకేసింది.

“అక్కా, పిల్ల బీరు బీరంటంది, ఏటి?”

అమ్మ బట్టలు ఆరేస్తూ తలైనా తిప్పలేదు.

“ఏటో మరి. పరీక్షకి గావాల.”