ముత్తాత తుపాకీ: గొట్టం తుప్పు కథ, మూడో నెల

రాజోలు దగ్గర మా మండువా ఇంట్లో వసారా గోడకు వేలాడే తుపాకీ ఇది. మూతిలోంచి మందు కూరి, వెనకాల నిపుల్ అనే చిన్న మొన మీద, దెబ్బ పడితే నిప్పు రవ్వ లేచే క్యాప్ పెట్టి పేల్చే రకం. ముత్తాత నాటిది, లైసెన్సు ఇప్పుడు నాన్నగారి పేరు మీద ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇనుము సంగతి తెలిసిందేగా, గేటు చువ్వలే పెచ్చులూడిపోతాయి. గొట్టమంతా ఇటుక రంగుకు తిరిగేసరికి ఇక చూస్తూ ఊరుకోలేక జూన్‌లో దించాను.

తుప్పు జోలికి వెళ్లే ముందు సన్నటి వెదురుబద్ద మూతిలోంచి పోనిచ్చాను. ఆగిన చోట గుర్తు పెట్టి, అదే బద్దను బయట గొట్టం పక్కన ఆనించి చూశాను. నిపుల్ దాకా రావాల్సింది నాలుగు అంగుళాల ముందే ఆగింది, అంటే లోపల ఏదో కూరే ఉంది. ఒళ్లంతా చెమట పట్టేసింది. పాత తుపాకీ ఎవరి చేతికి వచ్చినా మొదట ఈ కొలత చూడండి, మిగతావన్నీ తర్వాత. గొట్టం నిండా నీళ్లు పోసి రెండు రోజులు ఉంచాం. ఆ తర్వాత కాగితాలన్నీ పట్టుకుని నాన్నగారూ నేనూ తుపాకుల రిపేరు లైసెన్సున్న దుకాణానికి వెళ్లాం. దుకాణం ఆయన గొట్టం వెనక బిరడా మర విప్పాడు. ముందు కొబ్బరి పీచు ఉండ, తర్వాత గుప్పెడు గుళ్లు, ఆ వెనక నల్లటి బురద. నిండు మందుతో ఉన్న తుపాకీ కింద చాప వేసుకుని ఎండాకాలం సెలవులన్నీ పడుకున్నాం మేం!

తుప్పు తిన్న గుంటలు లోతుగా ఉన్నది కూడా సరిగ్గా అక్కడే. నల్లమందు తేమ పీలుస్తుంది, అది అన్నేళ్లు కూర్చున్న చోట ఇనుము తినేసింది. పేలినప్పుడు ఒత్తిడంతా పడేదీ ఆ భాగం మీదే. కొత్త గొట్టం వేద్దామన్నాడు దుకాణం ఆయన. "గొట్టం మారిస్తే తాతయ్యది మిగిలేది కర్రేగా" అన్నారు నాన్నగారు. దాంతో తేలిపోయింది. ఇది ఇక పేల్చే తుపాకీ కాదు, తుప్పు ఆపితే చాలు.

లోపలికి కరెంటు పద్ధతి వాడాను. కింద రబ్బరు బిరడా బిగించి గొట్టాన్ని నిలబెట్టి, బట్టల సోడా కలిపిన నీళ్లు పోశాను. పట్టేది గ్లాసుడే. మధ్యలో మామూలు ఇనుప చువ్వ, గోడకు తగలకుండా మూడు చోట్ల కుళాయి వాషర్లు తొడిగి దించాను. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వద్దు, దాంట్లోని క్రోమియం విషమై నీళ్లలో కలుస్తుంది. పాత పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జరు తీసుకుని నెగెటివ్ గొట్టానికి, పాజిటివ్ చువ్వకు తగిలించాను. తిరగేస్తే తుప్పు బదులు గొట్టమే కరుగుతుంది, అందుకే క్లిప్పులు పెట్టిన ప్రతిసారీ రెండుసార్లు చూసుకునేవాణ్ణి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి పెరట్లోనే పని, చుట్టుపక్కల బీడీ వెలిగించనివ్వలేదు. మూతిలోంచి కాఫీ డికాక్షన్ నురగలా పొంగింది. రెండేసి గంటల చొప్పున ఐదు విడతలు పట్టింది.

మొదటి విడత తర్వాత పంపు నీళ్లతో కడిగి అన్నానికి వెళ్లొచ్చా. వచ్చేసరికి లోపల మళ్లీ నారింజ రంగు పొర! మన గాలికి అరగంట ఎక్కువే. తర్వాత నుంచి మసిలే నీళ్లు పోసి, ఆ వేడికే ఆరనిచ్చి, వెంటనే కుట్టుమిషన్ నూనె పట్టిస్తున్నా.

శుభ్రమయ్యాక టార్చి వేసి చూస్తే లోపల గాడులే లేవు. ఇంట్లో అందరం రైఫిల్ అంటాం, కానీ రైఫిల్ అంటే గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉండాలి. తాళం పలక (పేల్చే యంత్రం బిగించిన పక్క పలక) మీద కిరీటం, టవర్ అనే అక్షరాలు ఉన్నాయి కాబట్టి బ్రిటిష్ సైన్యం వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలేమో అనుకున్నా. దానికైతే మూడు గాడులుండాలి, రంధ్రం 0.577 అంగుళం, అంటే పద్నాలుగున్నర మిల్లీమీటర్లు దాటుతుందంతే. నా వెర్నియర్ 16 పైనే చూపించింది. 1857 తిరుగుబాటు తర్వాత సిపాయిల చేతికి రైఫిళ్లు ఇవ్వడానికి భయపడి, బ్రిటిష్‌వాళ్లు అదే రూపంలో గాడుల్లేని తుపాకులు ఇచ్చారు. మాది ఆ కోవదే అయ్యుండాలి. మా ఇంటికెలా చేరిందో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

పైభాగానికి కరక్కాయ. పది కాయలు దంచి లీటరు నీళ్లలో గంట మరిగించి, వడకట్టి కుంచెతో పూశాను. తుప్పు మిగిలిన చోటల్లా కళ్ల ముందే సిరా రంగుకు మారింది. పెడన కలంకారీ నలుపులో ఉన్నదీ ఈ ఇనుము, కరక్కాయల జోడీయే. రెండు పూతలు చాలు, కడిగి నూనె తుడవాలి. తాతగారు కొబ్బరి నూనె రాసేవారు, అది కంపు కొట్టి దుమ్ముతో ముద్దయింది.

ఒక వరుసలో మూడు గుంటలు మాత్రం పోలేదు. రూపాయి బిళ్లంత గుండ్రం, అన్నీ సమాన దూరంలో. ఏమిటా అని ఆలోచిస్తుంటే అమ్మ వచ్చి వాటి మీద వేలు పెట్టి చూసింది. ఏటా దసరాకు తడి పసుపు రాసి బొట్లు పెట్టే చోట్లు! పూజయ్యాక ఎవరూ తుడిచిన పాపాన పోలేదు. వాటిని గీకకుండా వదిలేశాను. ఈసారి బొట్లు కర్ర మీద పెట్టమంటే అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.