మత్తు డాక్టరు కులం ఎందుకడుగుతారు?

ఆపరేషన్ ముందురోజు చెకప్‌లో బీపీ, షుగరు, కట్టుడు పళ్ల సంగతి అయ్యాక కొందరు మత్తు డాక్టర్లు కాస్త మొహమాటంగానే ఇంకోటి అడుగుతారు: "మీరు వైశ్యులాండీ?" ఇంట్లోవాళ్లకు చిర్రెత్తుకొస్తుంది. కానీ ఆ ప్రశ్న స్కోలిన్ ఇంజెక్షన్ కోసం.

స్కోలిన్, అంటే సక్సినైల్‌కోలిన్. గొంతులోకి ట్యూబు వేసే ముందు కండరాలను వదులు చేయడానికి కిలో బరువుకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇస్తారు. నిమిషంలో ఊపిరితో సహా ఒళ్లంతా ఆగిపోతుంది, పది నిమిషాల్లో తిరిగొస్తుంది. అంత త్వరగా తిరిగిరావడం రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ చలవ. అది లేనివాళ్లలో మందు విరగదు, కండరాలు గంటలకొద్దీ కదలవు. దీన్ని స్కోలిన్ ఆప్నియా అంటారు. ఈలోగా మత్తు దిగిపోతే మనిషికి అన్నీ వినిపిస్తుంటాయి, కనురెప్ప కూడా ఎత్తలేడు.

ఆర్యవైశ్యుల్లో ఈ లోపం ఇతరులకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువ. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే బీసీహెచ్ఈ జన్యువులో మార్పు వల్ల ప్రొటీన్‌లో 307వ చోట ల్యూసిన్‌కు బదులు ప్రొలీన్ చేరడం వీళ్లలో గుర్తించిన కారణం.

మేనరికాల వల్లే అనుకుంటారు చాలామంది. మేనరికం ప్రమాదాన్ని పెంచే మాట నిజమే, కానీ అసలు మూలం అది కాదు. వేల ఏళ్ల కిందట కొద్దిమందితో మొదలైన సమూహం తరతరాలుగా తనలో తానే సంబంధాలు కలుపుకుంటూ వచ్చింది. మొదటివాళ్లలో ఒక్కరి దగ్గరున్న మార్పు కూడా అలా లక్షల మందికి పాకుతుంది. గోత్రాలు వేరైనా, చుట్టరికమే లేకపోయినా, భార్యాభర్తలిద్దరికీ ఒకే పాత మార్పు ఉండొచ్చు. అది ఇద్దరి నుంచీ అందిన బిడ్డకు ఈ లోపం వస్తుంది. పైగా స్కోలిన్ వాడకంలోకి వచ్చింది 1950లలో. అంతకుముందు ఈ ఎంజైమ్ లేనివాళ్లు నిక్షేపంగా బతికారు, పిల్లల్ని కన్నారు. ప్రకృతి ఏరిపారేయడానికి అక్కడ జబ్బంటూ ఏదీ లేదు!

ఇది వైశ్యుల కథే అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఈ 'కొద్దిమందితో మొదలైన' ప్రభావం, అందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ (యూరప్) యూదులకంటే గట్టిగా ఉంది. వైశ్యుల సంగతి ఒక ఇంజెక్షన్ బయటపెట్టింది, అంతే.

పరీక్ష సులువే: రక్తంలో సూడోకోలినెస్టరేజ్ స్థాయి. కొన్ని పురుగుమందులు ఈ ఎంజైమ్‌ను తగ్గిస్తాయి కాబట్టి, అవి తాగినవాళ్లకు చేసేదీ ఇదే. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పుట్టుకతో ఎంజైమ్ తక్కువున్న మనిషి వేరే కారణంతో స్పృహ తప్పి వస్తే, రిపోర్టు చూసి పురుగుమందు కేసనుకునే ప్రమాదముంది. గర్భం, లివర్ జబ్బు కూడా స్థాయిని తగ్గిస్తాయి. డిబుకైన్ అనే మందు ఈ ఎంజైమ్‌ను ఎంత శాతం అడ్డుకుంటుందో చెప్పే డిబుకైన్ నంబర్ మామూలుగా 80 దగ్గర ఉంటుంది, 20 దగ్గరుంటే లోపమని పుస్తకం మాట. కానీ అది ఎంజైమ్ ఉండి, వంకరగా పనిచేసే రకాన్ని పట్టుకోవడానికి. ఎంజైమే దాదాపు లేనిచోట ఆ నంబరును నమ్మలేం, స్థాయినే చూడాలి.

తెలియక స్కోలిన్ ఇచ్చేస్తే చేయాల్సింది ఓపిక పట్టడమే. వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగించి, నరానికి చిన్న కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్‌తో కండరం తిరిగొచ్చిందో లేదో చూస్తూ ఉండాలి. తొందరపడి ట్యూబు తీయడమే అసలు ప్రమాదం. ముందే తెలిస్తే కండరాలను వదులు చేసే వేరే మందు రోక్యురోనియం వాడతారు, దాన్ని విరిచే సుగమడెక్స్ పక్కన పెట్టుకుంటారు. అదే పని చేసే మివాక్యూరియం మాత్రం వద్దు, అది విరగడానికీ ఇదే ఎంజైమ్ కావాలి. వెన్నులో ఇచ్చే బుపివకైన్‌తో, పళ్ల డాక్టరు వాడే లిగ్నొకైన్‌తో ఈ గొడవ లేదు.

కులం అడగడం పరీక్షకు బదులు కాదు. వైశ్యుల్లో అత్యధికులకు ఈ లోపం లేదు, వేరే కులాల్లోనూ కొందరికి ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ ఆలస్యమైందా అన్న ప్రశ్న అందరినీ అడగాలి. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, అక్కడి డాక్టరుకు ఇంటిపేరు చూసి ఏమీ తట్టదు. లోపం తేలితే తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి, ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం. "సూడోకోలినెస్టరేజ్ లోపం, సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం ఇవ్వకూడదు" అని ఇంగ్లీషులో రాసిన కార్డు పర్సులో పెట్టుకోవాలి. యాక్సిడెంటైనప్పుడు నోటితో చెప్పే పరిస్థితి ఉండదు కదా.