1969 బీటిల్‌తో నా మొదటి ఏడాది

శాన్ హోసేలో ఉద్యోగం చేసుకుంటూ, అంతవరకు పానా పట్టి ఎరుగని నేను నలభై రెండో ఏట 1969 మోడల్ ఫోక్స్‌వాగన్ బీటిల్ కొన్నాను. నీరూ రేడియేటరూ లేకుండా గాలితోనే చల్లబడే ఆ చిన్న ఇంజనును నా చేతులతో విప్పి బిగించాలన్న కోరిక ఎన్నాళ్ళుగానో ఉండేది. కాలిఫోర్నియాలో 1975 వరకు వచ్చిన పెట్రోలు కార్లకు పొగ పరీక్ష అక్కరలేదు; మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అవసరం లేని ఊళ్ళ కార్లకు తుప్పూ తక్కువ. ఇలాంటి కారుతో పని నేర్చుకోవాలనుకునేవారికి ఈ రెండూ పెద్ద వెసులుబాట్లు.

మొత్తం నాలుగు కార్లు చూశాను. మొదటి కారును రంగు చూసి ఇష్టపడ్డాను కానీ, తలుపుల కింద పొడవునా సాగే హీటర్ ఛానళ్ళ మీద అయస్కాంతం పెడితే అది అంటుకోలేదు. అక్కడ ఇనుము తినేసిపోతే పుట్టీ నింపి రంగు వేశారు. ఇంజను నుంచి వేడిగాలిని లోపలికి తెచ్చేవీ, బాడీకి బలమిచ్చేవీ ఆ ఛానళ్ళే కాబట్టి అక్కడి తుప్పును చిన్న లోపంగా తీసుకోకూడదు. వెనక సీటు ఎత్తి, కుడివైపు బ్యాటరీ కింద నేల రేకు గట్టిగా ఉందో లేదో కూడా చూడాలి. అదే సీటు కింద, కారు మధ్య గట్టు మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. 1969 సెడాన్‌కు అది 119తో మొదలవుతుంది. రెండో కారులో ఆ నంబరుకూ కాగితాల్లోని నంబరుకూ పొంతన లేకపోవడంతో బేరం మొదలుపెట్టకుండానే వెనుదిరిగాను.

ఇంజను పరీక్షల్లో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మాత్రం ఒక్క పైసా ఖర్చు లేనిది. ఇంజను ఆపి, కింది పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. ఇంజను మధ్యలో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టుకు ఆ దిశలో 0.15 మిల్లీమీటర్లకు మించి కదలిక ఉండకూడదు. మూడో కారులో పుల్లీ టక్కుమని కొట్టుకుంది, అంటే ఇంజను మొత్తం విప్పితే తప్ప బాగుపడదన్నమాట. నాలుగో కారులో కదలిక చేతికి తెలియనంత తక్కువగా ఉంది. ముప్పై ఏళ్ళుగా దాన్ని నడిపిన పెద్దావిడ దగ్గర 8,200 డాలర్లకు దాన్నే కొన్నాను.

ఇంటికి తెచ్చాక అన్నిటికంటే ముందు పెట్రోలు గొట్టాలు మార్చాను. పాతబడిన రబ్బరు పగిలి పెట్రోలు వేడి ఇంజను మీద పడితే మంట లేస్తుంది. ఈ ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమం కాబట్టి అది అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. ఈ పని పూర్తి కాకుండా కారును వీధి చివరి వరకు కూడా తీసుకెళ్ళవద్దని కొత్తగా కొనేవారందరినీ బతిమాలుకుంటాను.

తరువాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కగలదో కొలిచాను. మూడు సిలిండర్లు చదరపు అంగుళానికి వంద పౌండ్ల పైన చూపితే, మూడో నంబరు సిలిండర్ మాత్రం 80 దగ్గర ఆగిపోయింది. అలా తగ్గితే ముందు చూడవలసింది వాల్వుల సందు. ఆ సందును సరిచేయడాన్నే మనవైపు మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగ్ అంటారు. ఈ కారుకు ఆ పని తరచుగా చేయాలి, అదీ ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతే. వాల్వు కవరును పట్టి ఉంచే తీగను కిందికి తోసి కవరు తీసి, జనరేటరు పుల్లీ నట్టుకు 21 మిల్లీమీటర్ల పానా పెట్టి ఇంజనును తిప్పి, ఒకటో సిలిండర్‌తో మొదలుపెట్టాను. కింది పుల్లీని వెనక్కు అర చుట్టు తిప్పినకొద్దీ వరుసగా రెండు, మూడు, నాలుగు సిలిండర్ల వంతు వస్తుంది. ప్రతి వాల్వు కొసకూ, దాన్ని నొక్కే మీటకూ మధ్య 0.006 అంగుళాల సందు ఉండాలి. మూడో సిలిండర్‌లో పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర, సందులు కొలిచే నా ఫీలర్ గేజ్‌లోని అతి పలుచని బ్లేడు కూడా దూరలేదు. సందు లేని వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడు ఆనుకునే అంచుకు (వాల్వు సీటుకు) తన వేడిని దించుకోలేక చివరికి కాలిపోతుంది.

మూడోదే ఎందుకు? ఈ మోడల్‌లో ఆయిల్ కూలరు ఫ్యాను తొడుగు లోపలే నిలబడి, ఎడమవైపు సిలిండర్లకు వెళ్ళే గాలికి అడ్డు వస్తుంది. మూడో సిలిండర్‌కు చేరే గాలి తక్కువ, ఆ చేరేదీ వేడెక్కిన గాలే. కంపెనీ 1971 మోడల్‌కు కూలరును వేరే అరలోకి జరిపింది. అయితే నా కారులో అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. గుంటూరులో నాన్నగారికి వీడియోలో ఇంజను చూపిస్తే, ఇరవై ఏళ్ళు చేతక్ నడిపిన ఆయన, "ఒరేయ్, ఇంజను చుట్టూ ఆ ఖాళీ ఏమిటి? మన స్కూటరుకు ఫ్యాను మీది రేకు ఊడితేనే ఇంజను పట్టేసేది," అన్నారు. ఆయన చూపించిన చోట ఇంజను రేకులకూ బాడీకీ మధ్య ఉండవలసిన రబ్బరు సీలు సగం మేర లేదు. కింద ఎగ్జాస్ట్ దగ్గర వేడెక్కిన గాలి ఆ సందులోంచి పైకి వచ్చి, మళ్ళీ ఫ్యానులోకే పోతోంది. ఆ రేకులు అలంకారానికి పెట్టినవని అంతవరకూ నేను అనుకున్నాను. నిజానికి ఈ కారుకు రేడియేటర్ పని చేసేవి ఆ రేకులూ, ఆ సీలూ, ఫ్యానూ, రెండున్నర లీటర్ల ఆయిలూ. ఫ్యాను జనరేటరు ఇరుసు మీదే ఉంటుంది కనుక బెల్టు తెగితే ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు ఉన్నచోటే ఆపేయాలి.

కొత్త సీలు వేయడానికి ఇంజను దించవలసి వచ్చింది. నాలుగు బోల్టులతో నిలిచే ఇంజనే అయినా, అనుభవమున్న ఒక స్నేహితుడు పక్కన లేకుండా ఆ పని చేయలేదు. ఊడిపోయిన రెండు చిన్న రేకులు కూడా వెతికి బిగించి, వాల్వులు సెట్ చేసి, మూడు వందల మైళ్ళు నడిపాను. ఆ వాల్వు సందు మళ్ళీ మూసుకుపోతే వాల్వు సాగుతోందని అర్థం, వాల్వులుండే సిలిండర్ హెడ్‌ను విప్పక తప్పదు.

ఆదివారం తెల్లవారుజామున, రాత్రంతా ఆగి ఉన్న కారు కింద దూరి ఎడమవైపు కవరు తీశాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర 0.006 బ్లేడు కొద్దిపాటి పట్టుతో లోపలికి వెళ్ళింది. కంప్రెషన్ 105 చూపింది.