మా డ్రిల్లు సారు నేర్చుకున్న ఆట

మన బడి పాత విద్యార్థుల ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగగానే నా మనసు నేరుగా బడి వెనక వేపచెట్ల పక్కనున్న వాలీబాల్ కోర్టు దగ్గరికి వెళ్ళిపోయింది. 1998 నుంచి 2001 దాకా, ఎనిమిది మొదలు పదో తరగతి వరకు, సాయంత్రం చివరి గంట కొట్టగానే మేము పరుగెత్తింది అక్కడికే. తన చేత్తో సున్నం గీతలు వేసి, నెట్ కట్టి మమ్మల్ని ఆడించిన డ్రిల్లు సారును గురించి, ముఖ్యంగా 52వ ఏట ఆయన మా కళ్ళ ముందే మళ్ళీ విద్యార్థి అయిన ఏడాదిని గురించి రాయాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను.

పాత పద్ధతిలో సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చేది. ఎదుటి జట్టు గెలిస్తే సర్వీసు మాత్రమే చేతులు మారేది. అందుకే సారు, "గట్టిగా కొట్టరా, పోతే సర్వీసే కదా పోయేది" అనేవారు. పాతికేళ్ళ పాటు ఆ మాట మీదే జట్లను తయారు చేశారు, గెలిపించారు. 1998లో అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య ఆ లెక్కనే మార్చింది. సర్వీసు ఎవరిదైనా ఆ బంతి గెలిచిన జట్టుకే పాయింటు ఇచ్చే రాలీ పాయింటు పద్ధతి 1988 నుంచి అయిదో సెట్టుకు మాత్రమే ఉండేది, అది అన్ని సెట్లకూ వచ్చింది, 15 పాయింట్ల సెట్టు, చివరిదైన అయిదోది తప్ప, 25కు పెరిగింది, సర్వీసు తప్పితే ఎదుటివాళ్ళకు నేరుగా ఒక పాయింటు దక్కడం మొదలైంది. సారు పాతికేళ్ళుగా చెప్పిన పాఠం ఒక్క సవరణతో తలకిందులైంది. ఆ మార్పు మన జిల్లా పోటీల దాకా రావడానికి సమయం పట్టింది గానీ సారు అంతవరకు ఆగలేదు. ఒక సాయంత్రం మమ్మల్ని గీత మీద వరుసగా కూర్చోబెట్టి, "ఇన్నాళ్ళూ నేను చెప్పిన సర్వీసు ఇంక పనికిరాదు. కొత్తది ఎట్ల చెప్పాలో నాకింకా తెలీదు. నేర్చుకుని వస్తాను" అన్నారు. ఒక ఉపాధ్యాయుని నోట "నాకు తెలీదు" అనే మాట వినడం నాకు అదే మొదటిసారి.

ఆ ఏడాదే లిబరో అనే కొత్త స్థానం కూడా ఆటలోకి వచ్చింది. లిబరో వెనక వరుసలోనే ఆడాలి, సర్వీసు చేయకూడదు, నెట్ దగ్గర ఎగిరి బంతిని అడ్డుకోకూడదు (బ్లాక్ చేయకూడదు), జట్టులో మిగతావాళ్ళకు భిన్నమైన రంగు చొక్కా తొడుక్కోవాలి. తరగతిలో అందరికన్నా పొట్టివాణ్ణి నేను. పాత నియమాల్లో ప్రతి ఆటగాడూ తిరుగుతూ నెట్ ముందుకు రావలసిందే కనుక నాకు జట్టులో చోటు దొరకలేదు. బంతులు ఏరడం, నీళ్ళ కుండ నింపడం నా పనులుగా ఉండేవి. సారు నన్ను పిలిచి, "ఈ ఆట నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇద్దరమూ కలిసి నేర్చుకుందాం రా" అన్నారు.

ఎక్కడి నుంచో నియమావళి జిరాక్సు ప్రతిని సంపాదించి, అర్థం కాని చోట్ల గీతలు గీసుకుని, మన ఇంగ్లీషు టీచరమ్మ దగ్గరికి మధ్యాహ్నం గంటలో వెళ్ళి, పిల్లల బల్ల మీద కూర్చుని చెప్పించుకునేవారు. లిబరో ముందు జోనులో నిలబడి వేళ్ళతో లేపిన బంతిని మరొకరు నెట్ ఎత్తుకు పైన కొట్టకూడదన్న ఒక్క వాక్యం ఆయనకు మూడు రోజులు కొరుకుడు పడలేదు. సుద్దముక్కలను ఆటగాళ్ళుగా పేర్చుకుని తేల్చుకున్నారు. ఆ తరువాత నా స్థానంలో తానే నిలబడి, పదో తరగతి పొడుగు పిల్లలను తన మీదికి స్మాష్ కొట్టమన్నారు. వాళ్ళు మొహమాటపడుతుంటే కోప్పడి మరీ కొట్టించుకున్నారు. అరగంట తరువాత మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కందిపోయిన చేతులతో నా దగ్గరికి వచ్చి, "బంతి వచ్చినాక వంగితే ఆలస్యమైపోతాదిరా. కొట్టేవాడి భుజం చూసి ముందే వంగాల" అన్నారు. తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న పసుపు బనియను మీద సారు భార్య ఎర్రగుడ్డతో 7 అంకె కుట్టి ఇచ్చారు.

ఒక ఆదివారం నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మైదానానికి తీసుకువెళ్ళారు. అక్కడ కాలేజీ పిల్లలకు ఆట నేర్పుతున్న యువకుడు ఒకప్పుడు సారు దగ్గరే బంతి పట్టడం నేర్చుకున్నవాడు. అతను పరుగున వచ్చి నమస్కరించాడు. సారు మాత్రం నోటుపుస్తకం తెరిచి నేల మీద కూర్చుని, రెండు గంటల సేపు అతన్ని "సార్" అనే పిలుస్తూ ప్రశ్నలు అడిగి రాసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు, మీ శిష్యుణ్ణి సార్ అన్నారేమిటని అడిగాను. "ఈ పొద్దు చెప్పింది ఆయన కదరా" అన్నారు, అంతే.

ఇంత చదివినా ఒకటి తప్పిపోయింది. సర్వీసు బంతి నెట్టుకు తగిలి అవతల పడినా చెల్లుతుందన్న నియమం 2000లో అమలులోకి వచ్చింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. చిత్తూరులో జరిగిన పోటీలో, చివరి సెట్టు 13–13 దగ్గర, ఎదుటివాడి సర్వీసు నెట్ పైపట్టీకి రాసుకుని మా వైపు మెల్లగా జారింది. మేమంతా ఈల కోసం చూస్తూ నిలబడ్డాం. ఈల మోగింది పాయింటు వాళ్ళకిస్తూ. మరో పాయింటుతో ఆట ముగిసింది. తిరుగు బస్సులో ఎవ్వరం మాట్లాడలేదు. చంద్రగిరి దాటాక సారు కమ్మీ పట్టుకుని లేచి నిలబడి, "ఆ నియమం మారింది, నేను చదవలేదు. మీరు బాగా ఆడినారు. ఈ ఓటమి నాది" అన్నారు. మరునాడు నీళ్ళ కుండ పక్కన ఆయన నోటుపుస్తకం తెరిచి ఉంటే చూశాను. ప్రతి ఆటకూ ఒక పుట, పుటలో మొట్టమొదట "నా పొరపాట్లు" అనే శీర్షిక, ఆ తరువాతే మా పేర్లు.

నేనూ వ్యాయామ ఉపాధ్యాయుణ్ణయ్యాను. సారు చూపిన దారి తెలిసి కూడా మొదటి ఏళ్ళలో నేను ఆ దారిన నడవలేదు. మోకాలు నొప్పి అని ఒక అమ్మాయి చెబితే, మా రోజుల్లో కప్పగంతులు అందరమూ వేశాం, ఓర్చుకో అన్నాను. మోకాటి చిప్ప కింది స్నాయువు వాచిందని, ఎగరడం తగ్గించి విశ్రాంతి ఇవ్వాలని డాక్టరు చెప్పిన రోజున, ఆ బస్సు కమ్మీ గుర్తుకు వచ్చింది. జట్టు ముందు నిలబడి తప్పు నాది అని చెప్పడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఒక్కొక్కరు రోజుకు ఎన్నిసార్లు ఎగిరారో లెక్క రాస్తున్నాను. ఆ లెక్క రాయడం కూడా ఆ అమ్మాయే మొదలుపెట్టింది.

మొన్న సంక్రాంతికి సారు ఇంటికి వెళ్ళాను. ఆయనకిప్పుడు 78 ఏళ్ళు. కాఫీ తాగుతూ మా పిల్లలు సర్వీసు అందుకునేటప్పుడు పాదాలు ఎట్ల పెడుతున్నారని అడిగారు. ఎడమ పాదం కొద్దిగా ముందుకు పెడతారని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, మెల్లగా లేచి, కుర్చీని గోడ వారకు జరిపి, "చెప్తే నాకు తెలీదురా, చూపించు" అన్నారు.