వాడు ముఖం తిప్పుకున్నప్పుడు

పలాసలో జీడి ఫ్యాక్టరీలో పని నాది. పొద్దస్తమానం కూర్చునే పనితో నడుం పట్టేసి లేవలేని పరిస్థితి వచ్చింది. డాక్టర్ కొన్నాళ్లకని ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు రాశారు. ఆ గడువు దాటాక కూడా మందుల షాపులో అడిగితే ఇచ్చేవారు. 2018లోనే దాన్ని మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందకి తెచ్చారట, చీటీ లేకుండా అమ్మకూడదట. నాకెవరూ చెప్పలేదు. కడుపుతో ఉన్నానని తెలిసేసరికి మాత్ర పడకపోతే చెమటలు, వణుకు. ఒక్కసారిగా మానేస్తే బిడ్డకీ ప్రమాదమని శ్రీకాకుళంలో డాక్టరమ్మ మోతాదు కొద్దికొద్దిగా తగ్గించారు. కాన్పు నాటికి పూర్తిగా ఆగలేదు.

బాబు పుట్టిన మర్నాడే మొదలైంది. చెవులు గింగిరాలెత్తే సన్నటి ఏడుపు. చేతులు వణకడం, వరసగా తుమ్ములు, రొమ్ము పట్టబోయి వదిలేయడం. "గుంటడికి గాలి సోకింది" అని అత్త ఏడ్చింది. గాలి కాదు. నా రక్తంలోంచి అందుతున్న మందు, బొడ్డు కోయగానే వాడికి అందకుండా పోయింది. ఆసుపత్రిలో కొన్ని గంటలకోసారి వణుకు, నిద్ర, పాలు తాగడం చూసి, ఇబ్బంది ఎంత ఉందో మార్కులు వేసేవారు. వాడికి మందు అవసరం పడలేదు. మసక వెలుతురు, మెత్తటి గుడ్డలో చుట్టడం, గుండెకి ఆనించుకోవడం, అంతే. నా మాత్ర మార్చి, ఇవ్వొచ్చని డాక్టర్ చెప్పాకే పాలు పట్టాను.

ఏడుపు కన్నా నన్ను కుంగదీసింది వాడి చూపు. ఊపుతూ, పాడుతూ, పేరు పెట్టి పిలిస్తే వీపు విల్లులా వంచి తల అటు తిప్పేసేవాడు. నేనంటే పడదేమో అనిపించేది. ఒక సిస్టర్ పక్కన కూర్చుంది. "ఒకటొకటే చెయ్యమ్మా. ఊపితే మాట్లాడకు. మాట్లాడితే ఊపకు. తల తిప్పాడంటే 'చాలు' అంటున్నాడని. ఆగు, వాడే తిరుగుతాడు." ఏడుపుకి ముందు వేళ్లు విచ్చుకోవడం, ఆవలింత, వెక్కిళ్లు కూడా చూపించింది. నిజమే, వేళ్లు విచ్చుకోగానే నేను కదలకుండా ఉంటే ఏడుపు దాకా వచ్చేది కాదు. కాసేపటికి కళ్లు ఇటు తిరిగేవి. అప్పుడు మెల్లగా ఒక్క మాట. ఆ చూపు మొదట రెప్పపాటే ఉండేది, రెండు నెలలు దాటాక నవ్వు కూడా వచ్చింది.

నా మాత్రలు ఆగిపోయాయి, నడుముకి ఫిజియోథెరపీ నడుస్తోంది. బాబుని ఎదుగుదల పరీక్షలకి ఇంకా తిప్పుతున్నాం. ఈమధ్య మా వీధిలో కడుపుతో ఉన్న అమ్మాయి ఇవే మాత్రలు వేసుకుంటోందని తెలిసి ఏఎన్ఎమ్ దగ్గరికి తీసుకెళ్లాను. మందు పేరు చెప్పడానికి సిగ్గుపడింది. ముందు నా సంగతి చెప్పాను, తర్వాత తనే చెప్పింది.