శరణార్థుల సంస్థలో కమ్యూనికేషన్స్ ఉద్యోగం: నా ప్రిపరేషన్ అనుభవం

హైదరాబాద్‌లో శరణార్థుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో కమ్యూనికేషన్స్ ఆఫీసర్‌గా ఎంపికైనట్టు ఈ వారమే నాకు ఉత్తరం అందింది. జర్నలిజం చదివి ఇదే దారిలో ప్రయత్నిస్తున్న మిత్రులు చాలామంది ఉన్నారు. ఈ ఉద్యోగాలకు కోచింగ్ సెంటర్లు లేవు, పాత ప్రశ్నపత్రాలూ దొరకవు. అందుకే నాకు పనికొచ్చిన విషయాలను జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే రాసి పెడుతున్నాను.

సీవీ, కవర్ లెటర్, రాత పరీక్ష, ప్యానెల్ ఇంటర్వ్యూ అనే వరుస మీకు తెలిసిందే. సీవీ రెండు పేజీలు దాటకూడదు, మీ మంచి రచనలు మూడు జతచేస్తే చాలు. అంతకుమించి ఆ దశ గురించి చెప్పవలసింది లేదు.

విషయ పరిజ్ఞానం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారని నా అభిప్రాయం. 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ భారతదేశం సంతకం చేయలేదన్న సంగతి అందరికీ కంఠస్థమే. అయితే ఇక్కడ ఉన్న శరణార్థికి రక్షణ ఎక్కడి నుంచి వస్తుందన్నదే ప్యానెల్ అడిగే తరువాతి ప్రశ్న. రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛ) అధికరణలు పౌరులకే కాక ఈ నేల మీద ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తాయనీ, అరుణాచల్ ప్రదేశ్‌లో ఆశ్రయం పొందిన చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు వారి ప్రాణ రక్షణ ప్రభుత్వ బాధ్యత అని చెప్పిందనీ, భావప్రకటన వంటి స్వేచ్ఛలనిచ్చే 19వ అధికరణ మాత్రం పౌరులకే పరిమితమనీ వివరించగలగాలి. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ చట్టం అమల్లోకి వచ్చింది కనుక పాత నోట్సు చదివేవారు దానిని తప్పక సవరించుకోవాలి. మయన్మార్ (పాత పేరు బర్మా)లోని ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాల పౌరసత్వాన్ని ప్రశ్నార్థకం చేసిన అక్కడి 1982 చట్టం, 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు తరలిపోవడం, అంతకు ముందునుంచే హైదరాబాద్‌లోని బాలాపూర్ పరిసరాలలో కొన్ని కుటుంబాలు నివసిస్తూ ఉండడం, వీటిని ఒకే వరుసలో చెప్పడం సాధన చేయండి.

ఇక రాత పరీక్ష. నన్ను గట్టెక్కించింది అదే కనుక కొంచెం వివరంగా రాస్తాను. క్షేత్ర సిబ్బంది రాసుకున్నట్టుగా ఒక నోట్ ఇచ్చి, దాని ఆధారంగా దాతలకు ఇంగ్లిష్‌లో ఒక కథనం, స్థానిక పత్రికలకు తెలుగులో ఒక చిన్న ప్రకటన రాయమన్నారు. పరీక్ష కోసం కల్పించిన ఆ నోట్‌లో కుట్టుపని నేర్చుకున్న ఒక రోహింగ్యా మహిళ పేరు, మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో ఆమె ఊరి పేరు, ఇక్కడ ఆమె ఉండే సందు, పదో తరగతి పాసైన కూతురి బడి పేరు, తల్లీకూతుళ్ల ఫోటో ఉన్నాయి. చివరన చిన్న అక్షరాలతో, ఫోటోకు భర్త ఒప్పుకున్నాడని రాసి ఉంది. అదే నోట్ మధ్యలో ఎవరి దృష్టీ అంతగా పడని వాక్యం ఒకటుంది: ఆమెకు రాయడం రాదు, అందువల్ల కొలతల పుస్తకంలో ఒక్కో గిరాకీకి ఒక్కో బొమ్మ వేసుకుంటుంది, ఒకరికి తాళంచెవి, ఒకరికి జామకాయ, ఆ పక్కన అంకెలు.

నేను పేరు, ఊరు, సందు, బడి అన్నీ తీసివేసి, ఆ కొలతల పుస్తకంతోనే కథనాన్ని మొదలుపెట్టాను. ఫోటో వాడలేదు. దానికి బదులు ముఖాలు కనిపించకుండా ఆ పుస్తకం పేజీని, ఆమె అనుమతి తీసుకున్న తరువాతే, ఫోటో తీయించాలని మార్జిన్‌లో సూచించాను. ఇంటర్వ్యూలో ఒక సభ్యురాలు దీని మీదే పట్టుబట్టారు. ముఖాలు మసక చేసి వేయవచ్చు కదా అని అడిగారు. భర్త ఇచ్చిన అనుమతి ఆమె అనుమతి కాదనీ, ఫోటో ఎక్కడ వాడతారో ఆమె భాషలో ఆమెకే చెప్పి, తరువాత మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చన్న మాట కూడా చెప్పాలనీ, కూతురు మైనర్ కనుక తల్లితో పాటు ఆ అమ్మాయి ఇష్టాన్నీ అడగాలనీ, బస్తీలో వారికి ముఖం అక్కరలేదు, వేసుకున్న దుస్తులు, వెనకాల గోడ రంగు చూసి గుర్తుపడతారనీ సమాధానం చెప్పాను. రఖైన్‌లో ఇంకా బంధువులున్న మనిషికి తన ఊరి పేరు అచ్చులో కనిపిస్తే కలిగే భయం ముందు మన కథనం ఎంత బాగుందన్నది చాలా చిన్న విషయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మరో ప్రశ్న కూడా సాధన చేయదగినది. బస్తీలో ఎన్ని కుటుంబాలున్నాయి, ఎవరెవరికి ఆధార్ ఉంది అని సాయంత్రం డెడ్‌లైన్ ముందు విలేకరి ఫోన్ చేస్తే ఏమంటారు? మాట్లాడబోమని ఫోన్ పెట్టేస్తే పుకారుకు దారి ఇచ్చినట్టే. మా సంస్థ చేసే పని, ఇప్పటికే ప్రచురితమైన వివరాలు వెంటనే ఇస్తాను, వ్యక్తుల పత్రాల గురించీ చిరునామాల గురించీ ఏమీ చెప్పను, డెడ్‌లైన్ లోపల మాట్లాడగల ప్రతినిధి ఎవరో చెబుతాను అని రాశాను.

ఇంటర్వ్యూలో, తెలుగువారికి ఈ విషయం ఎందుకు పట్టాలని అడిగారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడిన తరువాత అక్కడి తెలుగు కూలీలు, గుమాస్తాలు ఎందరో కాలినడకన స్వదేశానికి బయలుదేరారనీ, వారు నడిచిన దారులలో ఒకటి అరకాన్ మీదుగా సాగిందనీ, నేటి రఖైన్ అదేననీ చెప్పాను. 1962 సైనిక తిరుగుబాటు తరువాత మరోసారి వచ్చినవారి పేరుతోనే విశాఖపట్నంలో బర్మా క్యాంప్ ఉంది. ఈ జవాబు ఏ గైడులోనూ దొరకదు. మీ జిల్లాలోని ఇటువంటి చరిత్రను మీరే వెతుక్కోవాలి.

దీనికి ముందు మరో సంస్థలో చివరి దశ వరకు వెళ్లాను. 2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో ఆ పోస్టునే రద్దు చేశారు. అదే ఏడాది జూన్‌లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ సుమారు 3,500 ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. గ్రూప్స్ రాసుకోకుండా ఈ అనిశ్చితి ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు బాధపడ్డారు. వారి ఆందోళన నాకు అర్థమైంది గానీ, నేను చేసిన ఎంపిక సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆ ఖాళీ నెలలలో రోజూ పొద్దున్నే ఒక వార్తను తీసుకుని, అందులో మనిషిని గుర్తుపట్టించే వివరాలన్నీ తీసివేసి తిరగరాయడం మానలేదు. మూడ్ వచ్చినప్పుడు రాస్తానంటే పరీక్ష గదిలో చెయ్యి ఆడదు. జ్వరం వచ్చిన రోజున కూడా నాలుగు వాక్యాలైనా రాయండి.

చివరిగా డబ్బు సంగతి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత, స్వచ్ఛంద సంస్థలకు అందే ఆ విరాళాలలో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఇటువంటి పోస్టులు అరుదు కావడానికి అది కూడా ఒక కారణమని నా అంచనా. ఆఫర్ వచ్చినప్పుడు కాంట్రాక్టు ఎంతకాలమో, జీతం ఏ ప్రాజెక్టు నిధుల నుంచి వస్తుందో, ఆ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో మొహమాటం లేకుండా అడగండి. నేను అడిగాను, హెచ్ఆర్ వారు అన్నిటికీ రాతపూర్వకంగానే జవాబిచ్చారు.