డ్రాయింగ్ మాస్టారి రెండు టేపులు

కమిటీ వాళ్లు ఈ సంచికకి ఒక పేజీ రాయమన్నారు. నాకు డ్రాయింగ్ మాస్టారి టేపులు తప్ప ఇంకేం తోచలేదు. మన బడి 2003 వీడ్కోలు సభను ఆయన 2 మినీడీవీ టేపుల్లో (హ్యాండీక్యామ్‌లో పెట్టే చిన్న డిజిటల్ వీడియో క్యాసెట్లు) తీశారు. ఈ సంచికతోపాటు మీకిస్తున్న డీవీడీ వాటిదే. మైకు సంగతి, మూడో బెంచీ వాళ్ల పాట, ఏదీ పోలేదు.

బీరువాలో ఏళ్లతరబడి పడున్న టేపుని నేరుగా ఆడించకూడదు. తెల్ల బూజు కనిపిస్తే కెమెరాలో పెట్టనే వద్దు, హెడ్ (టేపుని చదివే భాగం) పాడవుతుంది. శుభ్రంగా ఉంటే చివరిదాకా ఒకసారి చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టాలి. మొదటి టేపులో లెక్కల మాస్టారి ప్రసంగం దగ్గర బొమ్మంతా గళ్లుగళ్లయింది. అది హెడ్‌కి పట్టిన మురికి. పొడి క్లీనింగ్ టేపు 10 సెకన్లు ఆడిస్తే పోయింది. అంతకుమించితే హెడ్ అరుగుతుంది.

కంప్యూటర్‌కి ఫైర్‌వైర్ తీగతోనే (డిజిటల్ వీడియోని కెమెరా నుంచి ఉన్నదున్నట్టు తెచ్చేది) ఎక్కించాలి: కెమెరా వైపు 4 పిన్నులు, కంప్యూటర్‌లోని ఫైర్‌వైర్ కార్డు వైపు 6. గంట టేపు ఎక్కడానికి గంటా పడుతుంది, సుమారు 13 జీబీ తింటుంది. హార్డ్‌డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో (డిస్క్ మీద ఫైళ్లు సర్దే పద్ధతి) ఉండాలి. పాత ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీకి, అంటే దాదాపు 19 నిమిషాలకే ఫైలు ఆగిపోతుంది. ఎక్కుతున్నంతసేపూ వేరే పని పెట్టొద్దు, ఫ్రేములు జారిపోతాయి.

మా స్టూడియోలో ఇప్పుడు ఆరుగురు ఎడిటర్లున్నారు. ఈ పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మాస్టారి షాట్లు కోయడానికి చెయ్యి రాదు. ఎక్కడా ఊరికే జూమ్ లేదు, ఒక్కో మొహం మీద నింపాదిగా నిలబడ్డారు. ఆయన కనిపించేది ఒక్కచోటే: ఆఫీసు గది బీరువా అద్దంలో, కెమెరా కంటికి ఆనించుకుని, 4 సెకన్లు. ఫోకస్ కాస్త తప్పింది. అయినా కత్తిరించలేదు.

మిగిలింది 95 నిమిషాలు. బొమ్మని డీవీడీ రకమైన ఎంపెగ్-2లోకి సెకనుకి 6 మెగాబిట్లతో, ధ్వనిని కుదించి దాచే ఏసీ-3లోకి 192 కిలోబిట్లతో మారిస్తే 4.4 జీబీ అయింది, 4.7 జీబీ డిస్క్‌లో సరిపోయింది. ధ్వనిని కుదించని పీసీఎంలో ఉంచితే అదొక్కటే 1 జీబీ దాటేది. ఈ టేపుల్లో ఒక్కో ఫ్రేమూ రెండు ఫీల్డులుగా, అంటే ఒకటి విడిచి ఒకటి గీతలుగా ఉంటుంది; డీవీలో కింది ఫీల్డు ముందొస్తుంది. మార్చేటప్పుడు పైది ముందని పెడితే కదిలే చోటల్లా బొమ్మ వణుకుతుంది. కోలాటం దగ్గర మొదటిసారి అదే జరిగింది, మళ్లీ చేశాను.

డిస్కులు 8ఎక్స్ వేగంతో రాసి, మామూలు ప్లేయర్లలో ఆడేలా ఫైనలైజ్ చేశాను. దయచేసి స్టిక్కర్లు అంటించకండి, తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. పేరు రాసుకోవాలంటే మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక భాగం మీద రాసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ల కోసం అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో కాపీలు వేరుగా చేశాను, అక్కడి ప్లేయర్లు చాలావరకు మన టీవీ పద్ధతి పాల్‌లో ఉన్న డిస్కులని ఆడించవు. కవరు మీద 'ఎన్' అని ఉన్నవి వాళ్లవి. పంచేటప్పుడు కలిపేయకండి.